రాయలవారి ఊరికి నీళ్లెక్కడివి?

హంపి అనగానే మన బ్యాచ్‌లో ఎవరినైనా అడగండి, మూడే సమాధానాలు వస్తాయి. ఒకటి యాభై రూపాయల నోటు మీద రాతిరథం. రెండు 'ఆదిత్య 369'లో బాలకృష్ణ. మూడు, వీధుల్లో రాసులు పోసి రత్నాలు అమ్మేవారట కదా అన్న మాట. సాహితీ క్లబ్ వాళ్లను అడిగితే ఇంకొంచెం ముందుకెళ్లి భువనవిజయం, అష్టదిగ్గజాలు, పెద్దనగారి కాలికి రాయలవారు తొడిగిన గండపెండేరం అంటారు. ఇవన్నీ బాగానే ఉన్నాయి. కానీ నాకు సివిల్ మూడో ఏడాదిలో ఇరిగేషన్ పేపరు చదువుతున్నప్పటినుంచి ఒకటే అనుమానం. లక్షల మంది జనం, ఏనుగులు, గుర్రాలు, సైన్యం, తోటలు, స్నానాల కొలనులు. వీటన్నిటికీ ఆ రాళ్లగుట్టల మధ్య నీళ్లు ఎవరు తెచ్చారు? ఎలా తెచ్చారు?

అది చూడ్డానికే పోయిన డిసెంబరు సెలవుల్లో మేం నలుగురం హంపి వెళ్లాం. మన కోస్తా వైపు నుంచి అమరావతి ఎక్స్‌ప్రెస్ ఎక్కితే నంద్యాల, గుంతకల్లు, బళ్లారి మీదుగా హోసపేటలో దింపుతుంది. అక్కణ్ణుంచి హంపి పదమూడు కిలోమీటర్లు. ప్రయాణం కబుర్లు ఇంతటితో చాలు, అసలు విషయానికి వస్తాను.

ముందు అక్కడి నేల ఎలా ఉంటుందో చెప్పాలి. ఎటు చూసినా గుండ్లు. గుండు మీద గుండు, దాని మీద ఇంకో గుండు, ఇప్పుడే పడతాయా అన్నట్టుంటాయి, యుగాలుగా అలాగే ఉన్నాయి. గ్రానైటు కొండలు పగుళ్ల వెంట అరిగి అరిగి అలా గుండ్రాళ్లయ్యాయి. రామాయణం తెలిసినవాళ్లకి ఇది కిష్కింధ. నది అవతల ఆనెగొంది, అంజనాద్రి, పంపా సరోవరం. యుద్ధం తెలిసినవాళ్లకి ఇది సహజమైన కోట. ఉత్తరాన తుంగభద్ర, చుట్టూ గుట్టలు, గుట్టకూ గుట్టకూ మధ్య ఖాళీలో గోడ కడితే చాలు. 1336లో హరిహర బుక్కరాయలు ఈ చోటు ఎందుకు ఎంచుకున్నారో మాతంగ పర్వతం ఎక్కి చూస్తే వేరే పాఠం అక్కర్లేదు.

శత్రువు రాకుండా ఉండటానికి ఇంత మంచి చోటు, జనం బతకడానికి మాత్రం కష్టమైన చోటు. వానలు తక్కువ. అడుగున రాయి, కాబట్టి బావి తవ్వడం మామూలు సంగతి కాదు. నది పక్కనే ఉంది కదా అంటారేమో. నది రాళ్లను కోసుకుంటూ కింద పారుతుంది. ఊరు దానికి దక్షిణాన మెరక మీద ఉంది. మోటార్లు లేని రోజుల్లో నది ఎంత దగ్గరున్నా, నీళ్లు కింద, మనం పైన అయితే ఆ నీళ్లు బిందెలకే గానీ పొలాలకు రావు.

దీనికి ఉన్న దారి ఒకటే. ఊరికి ఎగువన, నది ఇంకా ఎత్తులో ఉన్నచోటికి పోయి, అక్కడ అడ్డుకట్ట వేసి, నీటిమట్టం కొద్దిగా లేపి, పక్కకు కాలువ తీయాలి. ఆ కాలువ నదికంటే మెల్లగా దిగాలి. నది గబగబా కిందికి పోతుంటే కాలువ మాత్రం గుట్టల అంచులు పట్టుకుని, వాలు పోకుండా, మెలికలు తిరుగుతూ రావాలి. అలా వచ్చేసరికి ఊరి దగ్గర కాలువ నదికంటే ఎంతో ఎత్తులో ఉంటుంది. దీన్నే మన పుస్తకాల్లో కాంటూర్ కెనాల్ అంటారు. విజయనగరం వాళ్లు సరిగ్గా ఇదే చేశారు. తుంగభద్ర మీద వరసగా ఆనకట్టలు కట్టారు. ఆనకట్ట అంటే మన ధవళేశ్వరం లాంటిది ఊహించుకోకండి. నదిలో ఉన్న బండలనూ లంకలనూ కలుపుతూ, మధ్య ఖాళీల్లో మాత్రమే పెద్ద పెద్ద రాళ్లు పేర్చిన పొట్టి గోడలు అవి. వరదొస్తే పైనుంచి పోతుంది, గోడకేం కాదు. వరద లేనప్పుడు నీళ్లు కాలువ వైపు తిరుగుతాయి. నది ఇచ్చిన బండను పునాదిగా వాడుకోవడంలో ఉన్న తెలివి మనకు ఏ డిజైన్ ప్రాబ్లంలోనూ ఇవ్వరు.

అలా తీసినవాటిలో తుర్తా కాలువ ఒకటి. హంపిలో గుళ్లున్న నదీతీరానికీ, రాజప్రాసాదాలున్న ప్రాంతానికీ మధ్య ఒక పల్లం ఉంది. ఆ పల్లం గుండా ఈ కాలువ పారుతుంది. గైడ్లు ఇక్కడ ఆగరు. ఆటోవాళ్లు అసలాగరు. రోడ్డు మీంచి చూస్తే అరటితోటలు, వరిమళ్లు, కొబ్బరిచెట్లు, అంతే. బస్సు కిటికీలోంచి చూసి అబ్బ ఎంత పచ్చగా ఉందో అనుకుని రాతిరథం దగ్గరికి పోతాం. ఆరొందల ఏళ్ల ఊళ్లో ఇంకా పనిచేస్తున్నది ఆ పచ్చదనమే.

మేం దిగాం. కాలువ గట్టు మీద ఫోటోలు తీస్తుంటే అరటితోటలోంచి ఒక పెద్దాయన వచ్చాడు. బళ్లారి, హోసపేట వైపు తెలుగు మాట్లాడేవాళ్లు చాలామందే ఉంటారు, మా మాటలు విని తెలుగులోనే పలకరించాడు.

"ఏమప్పా, కాలవ ఫోటో తీస్తా ఉండారు? గుళ్లు ఆ పక్క ఉండాయి."

"కాలవే చూద్దామని వచ్చాం తాతా."

"దీన్లో చూసేదేముందప్పా, నీళ్లే గదా!"

ఇది ఎవరు తవ్వించారో అడిగాను. రాయలు, అన్నాడు ఏమాత్రం ఆలోచించకుండా. ఆ పక్కన ఏది పాతదైనా రాయలదే. తర్వాత ఆయన అన్న మాట మాత్రం నేను నోట్సులో రాసుకున్నాను. "తవ్వించింది రాయలే. పూడు తీసింది మా తాత, మా నాయన, నేను."

ఈ మాట దగ్గర కాసేపు ఆగండి. దీనితో మళ్లీ పనుంది.

అక్కణ్ణుంచి కమలాపురం వైపు వస్తే రాజప్రాసాదాల ప్రాంతం. ఇక్కడ చూడాల్సింది చాలా ఉంది గానీ ముందు తల దించుకుని నడవండి. పొడవాటి రాతి తొట్లు, చిన్న చిన్న రాతిస్తంభాల మీద ఒకదానికొకటి అతికినట్టు పేర్చి, మైదానం అంతా అడ్డంగా పోతుంటాయి. చాలామంది వాటిని విరిగిపడ్డ స్తంభాలనుకుని దాటుకుంటూ పోతారు. అవి ఆ రోజుల పైపులైను. కమలాపురం చెరువు వైపు నుంచి వచ్చే నీళ్లను ఈ తొట్ల మీదుగా ఒక కొలను నుంచి ఇంకో కొలనుకు పంపేవాళ్లు. నేల ఎత్తుపల్లాలు ఎలా ఉన్నా నీటి దారి ఒకే వాలులో ఉండాలి కదా, అందుకే స్తంభాలు ఒకచోట పొట్టిగా, ఒకచోట పొడుగ్గా ఉంటాయి. మట్టి గొట్టాలు కూడా తవ్వకాల్లో దొరికాయి. ఈ తొట్ల వెంట నడుచుకుంటూ పోతే చివర్లో కొలను తగులుతుంది.

మెట్ల కొలను అంటారు దాన్ని. 1980లలో పురావస్తు శాఖ తవ్వకాల్లో బయటపడింది. అంతవరకూ మట్టికింద ఉంది కాబట్టే ఎవరి చేతికీ చిక్కకుండా మిగిలింది. ఒక్కో వైపు సుమారు 22 మీటర్లు. అయిదు అంతస్తులు లోపలికి దిగుతూ, ప్రతి అంతస్తులోనూ చిన్న చిన్న మెట్ల వరసలు పిరమిడ్ ఆకారంలో. హంపి అంతా లేత గోధుమరంగు గ్రానైటు అయితే ఈ కొలను ఒక్కటి నల్లరాయి. చెక్కడం ఎంత కచ్చితంగా ఉంటుందంటే, మా వాళ్లలో ఒకడు దీన్ని చూసి, ఆటోక్యాడ్‌లో గీసి త్రీడీ ప్రింట్ తీసినట్టుంది రా అన్నాడు.

వాడు ఊరికే అన్న ఆ మాటలో నిజం ఉంది. రాళ్లను దగ్గరగా చూస్తే వాటి మీద చిన్న చిన్న అక్షరాలూ గుర్తులూ చెక్కి ఉంటాయి. అలంకారం కోసం చెక్కినవి కావు. ఈ రాయి ఏ దిక్కున, ఏ వరసలో, ఎన్నో స్థానంలో పెట్టాలో చెప్పే గుర్తులు అవి. అంటే రాళ్లన్నీ వేరేచోట చెక్కి, లెక్కపెట్టి, అక్షరాలు వేసి, ఇక్కడికి తెచ్చి జోడించారన్నమాట. మనం ప్రీకాస్ట్ అని గొప్పగా చెప్పుకునే పద్ధతి. ఏ పేరూ లేని ఒక కాసెపనివాడు ఉలితో వేసిన ఆ గుర్తు దగ్గర నేను నిలబడ్డంతసేపు రాతిరథం దగ్గర కూడా నిలబడలేదు. రాజుల పేర్లు శాసనాల్లో ఉంటాయి. పనివాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మాట ఇక్కడ ఉంది.

రాణీవాసపు స్నానశాల సంగతి కూడా ఇంతే. బయటి నుంచి చూస్తే మామూలు నాలుగు గోడల కట్టడం. లోపల మధ్యలో చదరపు కొలను, చుట్టూ వరండా, కొలను మీదికి పొడుచుకొచ్చిన అందమైన బాల్కనీలు, బయట చుట్టూ నీటి కందకం. ఇప్పుడు చుక్క నీరు లేదు. మెట్ల కొలనుకు పోయే తొట్లలోనూ లేదు. మహానవమి దిబ్బ పక్కనున్న పెద్ద కొలనులోనూ లేదు. తుర్తా కాలువలో మాత్రం ఉంది. ఊరు ఒక్కటే, కాలం ఒక్కటే, నదీ ఒక్కటే. రాజుగారి నీళ్లు ఎండిపోయాయి, రైతు నీళ్లు పారుతున్నాయి. ఈ వ్యాసం రాయడానికి అసలు కారణం ఇదే.

దీనికి జవాబు వెతికేముందు ఇంకో ప్రశ్న. గుళ్లన్నీ ఇలా నిలిచి ఉంటే రాజభవనాలు ఏమైనట్టు? రాయలవారు కూర్చున్న చోటేది అని అడిగితే గైడు ఖాళీ అరుగులు చూపిస్తాడు. మహానవమి దిబ్బ కూడా ఎత్తయిన రాతి వేదికే, పైన ఏమీ లేదు. కారణం చాలా సాదా సీదా. విజయనగరంలో దేవుడికి రాతి ఇల్లు, మనిషికి, రాజైనా సరే, కర్రతో, ఇటుకతో, సున్నంతో ఇల్లు. పునాది అరుగు మాత్రమే రాయి. అరుగు మీద గుంటలు కనిపిస్తాయి చూడండి, అవి కర్ర స్తంభాలు నిలబెట్టిన చోట్లు. నిప్పంటుకుంటే అవన్నీ బూడిద. కమల్ మహల్, ఏనుగుల శాల మిగిలాయంటే అవి కమానులూ గుమ్మటాలతో, మందమైన సున్నపు కట్టుబడితో కట్టినవి కాబట్టి. చూడగానే బీజాపూరు, గుల్బర్గా కట్టడాలు గుర్తొస్తాయి. కొట్టుకున్న రాజ్యాలు కట్టుబడి మాత్రం ఒకరి దగ్గర ఒకరు నేర్చుకున్నాయి. వాట్సాప్‌లో హంపి గురించి తిరిగే మెసేజీలు రాసేవాళ్లు ఆ ఏనుగుల శాల గుమ్మటాలను ఒక్కసారి చూసి రాస్తే బాగుంటుంది.

రాతిరథం కూడా మనం చూస్తున్నట్టు ఉండేది కాదు. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే సైనికాధికారి హంపిని ఫోటోలు తీశాడు. వాటిలో రథం పైన ఇటుకతో కట్టిన శిఖరం ఉంది. తర్వాత అది పోయింది. నోటు మీద మనం చూసేది పైభాగం పోయిన రథాన్ని.

ఇక నీళ్ల దగ్గరికి. 1520 ప్రాంతంలో దొమింగో పేస్ అనే పోర్చుగీసు వర్తకుడు ఇక్కడికి వచ్చాడు. అతను రాసిన విషయాలు రాబర్ట్ సీవెల్ 1900లో వేసిన 'ఎ ఫర్‌గాటెన్ ఎంపైర్' పుస్తకంలో ఇంగ్లీషులో దొరుకుతాయి. మన ప్రాజెక్టు రిపోర్టులకంటే వందరెట్లు బాగుంటుంది. కృష్ణదేవరాయలు ఒక పెద్ద చెరువు కట్టిస్తుంటే పేస్ కళ్లారా చూశాడు. పదిహేను, ఇరవై వేలమంది పనివాళ్లు చీమల్లా కనిపించారట, నేల కనబడనంతగా. పనిని ముక్కలు చేసి ఒక్కొక్క నాయకుడికి ఒక్కో ముక్క అప్పగించారట. మరి ఆ చెరువు కట్ట నిలిచిందా? రెండు మూడుసార్లు తెగింది. అప్పుడు ఏం చేశారో కూడా పేస్ రాశాడు. బలులు కావాలని పురోహితులు చెప్తే మనుషులను, గుర్రాలను, దున్నలను బలి ఇచ్చారని. మన సినిమాల్లో రాయలు ఎంత మెరిసినా ఈ వాక్యం ఎక్కడా రాదు. ఆ తర్వాత వచ్చిన నూనిజ్ అనే ఇంకో పోర్చుగీసు, గోవా నుంచి ఒక రాతిపని నిపుణుణ్ణి పిలిపించుకున్న సంగతి రాశాడు. హోసపేటకు దక్షిణాన రెండు గుట్టల మధ్య ఉన్న పెద్ద పాత కట్టే ఈ చెరువుదని పరిశోధకులు చెప్తారు. కట్ట ఉంది. చెరువులో నీళ్లు లేవు.

అంటే ఆ రోజుల్లో అందరూ మహా ఇంజినీర్లు, కట్టిందల్లా నిలిచింది అనుకోకూడదు. వాళ్లకీ ఫెయిల్యూర్లున్నాయి. గొప్ప ఏమిటంటే ఆ ఫెయిల్యూర్లనుంచి ఏం నేర్చుకోవాలో వాళ్లు చాలా ముందే రాతి మీద రాసిపెట్టారు. అది మన కడప జిల్లాలోనే ఉంది.

పోరుమామిళ్ల చెరువు పేరు కడప, నెల్లూరు వాళ్లకు తెలిసే ఉంటుంది. అసలు పేరు అనంతరాజసాగరం. మొదటి బుక్కరాయల కొడుకు భాస్కరుడు 1369లో కట్టించాడు. అక్కడున్న సంస్కృత శాసనం మామూలు దానశాసనంలా ఉండదు, ఇంజినీరింగ్ మాన్యువల్‌లా ఉంటుంది. రోజూ వెయ్యిమంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్లు పట్టిందని లెక్క చెప్తుంది. చెరువుకు పన్నెండు అంగాలు, ఆరు దోషాలు చెప్తుంది. అంగాల్లో కొన్ని చూడండి: ధనవంతుడూ ధర్మాత్ముడూ అయిన రాజు, నీటి శాస్త్రం తెలిసిన పండితుడు, గట్టి బంకమట్టి నేల, తియ్యటి నీళ్ల నది, రెండు కొండల మధ్య మరీ పొడవు లేని గట్టి రాతి కట్ట, దగ్గర్లో పొడవాటి రాళ్లు దొరికే గని, కింద చదునైన సారవంతమైన పొలాలు, పని తెలిసిన మనుషులు. మన డ్యామ్ సైట్ సెలక్షన్ చాప్టర్‌లో ఉన్నవి ఇంచుమించు ఇవే, వరస మాత్రం వేరు. అక్కడ ఫైనాన్స్ మొదట వచ్చింది, హైడ్రాలజీ తర్వాత వచ్చింది. ఎంత అనుభవం మీద చెప్పిన మాటో!

దోషాలు ఇంకా బాగుంటాయి. కట్టలోంచి నీరు ఊరడం. చవుడు నేల. చెరువు మధ్యలో మెరక. నీళ్లు తక్కువై ఆయకట్టు ఎక్కువ కావడం. నీళ్లు ఎక్కువై ఆయకట్టు తక్కువ కావడం. ఇక ఆరోది: రెండు రాజ్యాల సరిహద్దులో కట్టడం. ఇది చదివి మా గదిలో నవ్విన నవ్వు పక్క బ్లాకుకు వినిపించి ఉంటుంది. ట్రిబ్యునళ్లు, పోలీసు బందోబస్తులు, డ్యాముల మీద ముళ్లకంచెలు చూస్తూ పెరిగిన తరం మనది. ఆ శాసనం రాసినాయనకు ఇవేమీ తెలియకుండానే తెలుసు.

తర్వాత నూటయాభై ఏళ్లకు రాయలవారు తెలుగులో ఆముక్తమాల్యద రాస్తూ, రాజనీతి చెప్పే చోట ఇదే దారిలో ఒక మాట చెప్పారు. రాజ్యం చిన్నదైనా చెరువులు, కాలువలు వేయించి, పేద రైతుకు పన్ను దగ్గర వెసులుబాటు ఇస్తే ధనమూ ధర్మమూ రెండూ పెరుగుతాయని దాని భావం. ప్రబంధం అంటే వర్ణనలే అనుకునేవాళ్లు నాలుగో ఆశ్వాసం తెరవండి. కవిగారు కాలువలు తవ్వించిన మనిషి కూడా.

1565 జనవరి 23. తళ్లికోట యుద్ధం అని మనం చదువుకున్నది. అళియ రామరాయలు చనిపోయాడు. తమ్ముడు తిరుమల దొరికిన సంపదతో పెనుకొండకు తరలిపోయాడు. రాజధాని అలా మన రాయలసీమకు వచ్చింది, తర్వాత చంద్రగిరికి పోయింది. వదిలేసిన నగరాన్ని గెలిచినవాళ్లు దోచారు, కాల్చారు. ఇంతవరకూ అందరికీ తెలుసు. రెండేళ్ల తర్వాత, 1567లో సీజర్ ఫ్రెడరిక్ అనే వెనిస్ వర్తకుడు అక్కడికి వచ్చి కొన్ని నెలలు ఉన్నాడు. అతను రాసింది చదివితే ఆశ్చర్యం వేస్తుంది. ఊరు పూర్తిగా నాశనం కాలేదట. ఇళ్లు నిలబడే ఉన్నాయట. మనుషులే లేరు. పులులు తిరుగుతున్నాయని చెప్పుకుంటున్నారట.

తాత మాటతో పనుందన్నానే, ఇప్పుడు ఆ పని పడింది. ఊరిని కత్తి కొంత చంపింది, మిగతాది పూడు తీసేవాడు లేక చచ్చింది. రాతి తొట్టిలో ఒక్క రావి మొక్క మొలిస్తే చాలు, అతుకు విడిపోతుంది. ఒక్క తొట్టి పక్కకు జరిగితే దాని తర్వాత ఉన్న కొలనులన్నీ ఎండిపోతాయి. ఆ తొట్లను చూసుకునే పనివాళ్లకు జీతమిచ్చే రాజు పెనుకొండలో ఉన్నాడు. కాబట్టి వాళ్లూ వెళ్లిపోయారు. కాలువ కింద వరి పెట్టుకున్నవాడికి మాత్రం ఎవరూ జీతం ఇవ్వలేదు, ఎవరూ ఇవ్వక్కర్లేదు కూడా. కాలువలో పూడు తీయకపోతే తన పొలమే ఎండుతుంది. రాజులు మారారు, బీజాపూరు, మరాఠాలు, మైసూరు, కుంఫిణీ, ఎవరొచ్చినా ఏటా ఎండాకాలం పార పట్టుకుని కాలువలోకి దిగారు. నాకు తోచిన జవాబు ఇది. దీన్ని కాదనేవాళ్లుంటే క్లబ్ మీటింగుకు రండి, మాట్లాడుకుందాం.

1953లో తుంగభద్ర డ్యామ్ వచ్చాక పాత ఆనకట్టల్లో కొన్ని జలాశయం అడుగుకు పోయాయి. వాటి కింది కాలువలకు నేరుగా డ్యామ్ నుంచి నీళ్లిస్తున్నారు. డ్యామ్ హోసపేట పక్కనే, చూసి రండి. అనంతపురం జిల్లాకు నీళ్లిచ్చే హెచ్చెల్సీ మొదలయ్యేది ఇక్కడే. కట్టినప్పుడు దీని సామర్థ్యం దాదాపు 133 టీఎంసీలు. పూడిక చేరి చేరి ఇప్పుడు 105 దగ్గర ఉంది. ఇరవయ్యెనిమిది టీఎంసీలు డెబ్భై ఏళ్లలో మట్టయ్యాయి. ఆ మట్టిని పారలతో తీయలేం. 2024 ఆగస్టులో నిండు జలాశయంలో ఒక రాత్రి 19వ నంబరు గేటు గొలుసు తెగి గేటు కొట్టుకుపోయింది. అంత నీరు కళ్లముందే పోతుంటే, పారే నీటిలోనే స్టాప్‌లాగ్ గేట్లు దింపి ఆపారు. ఆ పని ముందుండి నడిపించింది రిటైరైన మన తెలుగు ఇంజినీరు కన్నయ్య నాయుడు. వారంలో పూర్తయింది. ఆ వీడియోలు యూట్యూబులో ఉన్నాయి, హైడ్రాలిక్స్ ల్యాబులో చూపించాల్సినవి. కానీ ఆ గొలుసు ఎన్నేళ్లుగా అలా అరుగుతూ ఉంది, దాన్ని ఏటా చూడాల్సింది ఎవరు అన్న ప్రశ్నకు అన్ని వ్యూస్ రాలేదు.

హంపికి వెళ్లే మనలాంటి వాళ్ల గురించి కూడా కొంచెం చెప్పాలి. 2019లో కొందరు కుర్రాళ్లు ఏనుగుల శాల దగ్గర ఒక గుడి స్తంభాన్ని తోసి పడేసి వీడియో తీసుకున్నారు. అది దేశమంతా తిరిగింది. కోర్టు వాళ్లకు జరిమానా వేసి, ఆ స్తంభాలను మళ్లీ వాళ్లచేతే నిలబెట్టించింది. అంత బరువు లేపడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసి ఉంటుంది. విఠల గుడిలో సరిగమలు పలికే స్తంభాల మండపంలోకి ఇప్పుడు రానివ్వడం లేదు. కొట్టి కొట్టి అరగదీశాం కాబట్టి. మేం వెళ్లినప్పుడు కూడా ఒకాయన తాడు అవతలి నుంచి చెయ్యి చాచి గోటితో మీటడానికి ప్రయత్నిస్తున్నాడు, కాపలా అతను విజిల్ ఊదుతున్నాడు. రోజంతా అదే పని పాపం.

కాపాడటం పేరుతో జరిగినవన్నీ మంచివేనా అంటే అదీ చెప్పలేను. విరూపాక్ష గుడి ముందు పొడవాటి బజారు వీధి ఉంది కదా, దాని రాతి మండపాల్లో తరాలుగా జనం కాపురాలుండేవారు, కొట్లు పెట్టుకునేవారు. 2011లో వాటిని కూల్చి వాళ్లను ఖాళీ చేయించారు. వారసత్వ కట్టడం పాడవుతోందన్నది కారణం. కొంత నిజమే, రాతిస్తంభాల మధ్య సిమెంటు గోడలు కట్టారు. కానీ ఇప్పుడా వీధి ఫోటోకు బాగుంటుంది, మనిషి అలికిడి లేదు. 1567లో వెనిస్ వర్తకుడు చూసింది ఇలాగే ఉండేదేమో అనిపించింది నాకు. హంపిలో పూజలు ఆగని పెద్ద గుడి విరూపాక్షుడిదే. నిలిచి ఉన్నదీ అదే. అక్కడ గర్భగుడి వెనక చీకటిగదిలో చిన్న రంధ్రం గుండా గాలిగోపురం నీడ తలకిందులుగా గోడ మీద పడుతుంది, మరచిపోకుండా చూడండి. పిన్‌హోల్ కెమెరా. ఫిజిక్స్ ఫస్టియర్ గుర్తొస్తుంది.

వెళ్లాలనుకునేవాళ్లకు: రెండు రోజులు పెట్టుకోండి. ఒక రోజు అందరూ చూసేవి. రెండో రోజు సైకిలు అద్దెకు తీసుకుని కాలువ గట్టు పట్టుకోండి. బండల మీద వరసగా చిన్న చిన్న చదరపు గుంటలు కనిపిస్తే ఆగి చూడండి, అవి రాయిని చీల్చడానికి కొట్టిన గుంటలు. కొన్నిచోట్ల గుంటలు కొట్టి, చీల్చకుండానే వదిలేశారు. నది దాటాలంటే పుట్టి ఉంటుంది, వాళ్లు హరిగోలు అంటారు, వరదొస్తే నడపరు. పోరుమామిళ్లకు మేం ఇంకా వెళ్లలేదు. పరీక్షలయ్యాక, చెరువు నిండితే, శాసనమున్న చోటు నుంచి మొదలుపెట్టి కట్ట పొడవునా నడవాలని అనుకుంటున్నాం. అలుగు, తూములు కొలుచుకుని, ఆ ఆరు దోషాల్లో దానికి ఎన్ని ఉన్నాయో చూసి వచ్చే సంచికలో రాస్తాం. టేపు పట్టుకోవడానికి ఇద్దరు కావాలి.